నీళ్ళలో మునిగి చచ్చిపోయే చేప

(ఇది వీడియో ఎపిసోడ్‌కి రాత రూపం. మాట్లాడిన మాటల్ని చదువుకోవడానికి వీలుగా అక్కడక్కడా కొంచెం సర్దాం.)



ఈ రోజు మాట చేపల మార్కెట్‌లో మొదలుపెడదాం. విజయవాడలో ఆదివారం పొద్దున్న ఏ చేపల మార్కెట్‌కి వెళ్ళినా సరే, ఒకటి గమనించండి. ఒక పక్క బల్లల మీద ఐసు పరిచి, దాని మీద బొచ్చె, శీలావతి వరసగా పడుకోబెట్టి ఉంటాయి. అన్నీ చచ్చిపోయినవే. వాటి పక్కనే ఒక ప్లాస్టిక్ టబ్బు ఉంటుంది. అందులో జానెడు నీళ్ళు కూడా ఉండవు. ఆ నీళ్ళు కూడా చూడ్డానికి బాగోవు. అందులో నల్లగా, పాము తలలతో, ఒకదాని మీద ఒకటి పాకుతూ కొరమీనులు ఉంటాయి. పొద్దున్న ఆరింటికి తెచ్చినవి పదకొండింటికి కూడా బతికే ఉంటాయి. అమ్మే ఆవిడ కత్తి తీసేదాకా వాటికి ఏమీ కాదు.

చిన్నప్పుడు నేను మా అమ్మని అడిగాను, బొచ్చెని కూడా అలా టబ్బులో పెట్టి అమ్మొచ్చు కదా అని. "అది మెత్తటి చేప రా, కొరమీను మొండిది" అంది. చాలా ఏళ్ళు నేను దాన్నే నమ్మాను. మొండితనం కాదండీ, అసలు సంగతి వేరే. కొరమీను ఊపిరి తీసుకునే పద్ధతే వేరు. ఎంత వేరంటే, కొరమీనుని పైకి రానివ్వకుండా నీళ్ళ కిందే పట్టి ఉంచితే అది ఊపిరాడక చచ్చిపోతుంది. చేపే, పుట్టింది నీళ్ళలోనే, కానీ నీళ్ళలో మునిగి చస్తుంది.

ఇది అర్థం కావాలంటే ముందు నీళ్ళలో ఆక్సిజన్ అంటే ఏంటో చూడాలి. చాలామంది ఒక తప్పు చేస్తారు, నేను కూడా స్కూల్లో చేశాను. నీళ్ళంటే హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసినవి కదా, అందులోంచే చేప ఆక్సిజన్ తీసుకుంటుంది అనుకుంటారు. కాదు. ఆ ఆక్సిజన్ గట్టిగా కట్టుబడి ఉంటుంది, దాన్ని విడగొట్టడం చేపకి చేతకాదు. చేప తీసుకునేది నీళ్ళలో కరిగి ఉన్న గాలిని. టీలో పంచదార కరిగినట్టు నీళ్ళలో గాలి కూడా కరుగుతుంది. నమ్మకం లేకపోతే స్టవ్ మీద గిన్నెలో నీళ్ళు పెట్టి చూడండి. మరగడానికి చాలా ముందే గిన్నె అంచులకి సన్నటి బుడగలు పడతాయి చూశారా? అది ఆవిరి కాదు. నీళ్ళు వేడెక్కేసరికి లోపల కరిగి ఉన్న గాలి ఇక ఉండలేక బయటికొచ్చేస్తోంది. ఈ బుడగల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. 30 డిగ్రీల వేడిలో, అంటే మన కృష్ణా జిల్లా చెరువులో మామూలుగా ఉండే వేడిలో, ఒక లీటరు మంచినీళ్ళు గాలి నుంచి పట్టుకోగలిగే ఆక్సిజన్ సుమారు 7.5 మిల్లీగ్రాములు. అదే ఒక లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే 36 రెట్లు. పైగా నీళ్ళు గాలి కంటే 800 రెట్లు బరువు. మనం ఊపిరి తీసుకోవడానికి గాలిని లాగుతాం, చేప నీళ్ళని లాగాలి. అంత బరువైన దాన్ని తోడి, అందులో ఉన్న ఆ కాస్తని పట్టుకోవాలి. మన పరిస్థితే అలా ఉంటే రోజంతా ఊపిరి తీసుకోవడమే పనైపోయేది.

అందుకే చేప మొప్ప ఉంది చూడండి, అది చాలా పొదుపైన యంత్రం. ఇంట్లో చేప శుభ్రం చేసేటప్పుడు తల పక్కన మూత ఎత్తితే ఎర్రగా దువ్వెన పళ్ళలాగా కనిపిస్తాయి కదా, అవే మొప్పలు. చేప నోరు తెరిచి మూస్తూ ఉంటే నీళ్ళు తాగుతోంది అనుకుంటాం. తాగడం లేదు, నోటితో లాగి మొప్పల మీదుగా బయటికి తోస్తోంది. నీళ్ళు ఒక దిక్కుకి పోతుంటే, మొప్పల్లో రక్తం దానికి ఎదురు దిక్కులో పోతుంది. రెండూ ఒకే దిక్కులో పోతే ఏమవుతుందంటే, సగం ఆక్సిజన్ రక్తంలోకి వచ్చేసరికి రెండు పక్కలా సమానమైపోయి ఆగిపోతుంది. ఎదురెదురుగా పోవడం వల్ల రక్తం ముందుకెళ్ళే కొద్దీ ఇంకా తాజా నీళ్ళే తగులుతాయి. ఈ ఏర్పాటుతో చేప నీళ్ళలో ఉన్న ఆక్సిజన్‌లో 80 శాతం దాకా లాగెయ్యగలదు. మన సంగతి? మనం పీల్చే గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంటే, వదిలే గాలిలో ఇంకా 16 శాతం ఉంటుంది. అంటే పావు వంతు తీసుకుని మిగతాది తిరిగి ఇచ్చేస్తాం. మనకి గాలి బోలెడు ఉంది కాబట్టి ఆ దుబారా చెల్లుతోంది.

మరి ఇంత గొప్ప మొప్ప ఉన్న బొచ్చె, 36 రెట్లు ఆక్సిజన్ ఉన్న గాలిలోకి రాగానే ఎందుకు చచ్చిపోతుంది? తడిసిన పుస్తకం చూశారా? పేజీలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. బొచ్చె మొప్పల్లో ఆ సన్నటి రేకులు నీళ్ళు ఉన్నంతసేపే విడివిడిగా నిలబడతాయి. నీళ్ళు పోగానే అతుక్కుని ముద్దైపోతాయి. గాలి తగలడానికి చోటే ఉండదు. తరవాత ఎండిపోతాయి కూడా. చుట్టూ అన్నం ఉన్నా నోరు తెరుచుకోలేని పరిస్థితి.

ఇంతవరకు పుస్తకంలో దొరికేదే. ఇప్పుడు మన ఊళ్ళ సంగతికి వద్దాం.

విజయవాడ నుంచి గుడివాడ మీదుగా ముదినేపల్లి, మండవల్లి, కైకలూరు వైపు వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా చెరువులే చెరువులు. కొల్లేరు చుట్టుపక్కల ఎన్ని కుటుంబాలు ఈ చేపల మీద, రొయ్యల మీద బతుకుతున్నాయో అటు వెళ్ళినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మాకు వరసకి బాబాయ్ అయ్యే ఆయనకి అటువైపు చేపల చెరువు ఉంది. ఒక ఏడాది వానాకాలంలో రెండు రోజులు వరసగా మబ్బు పట్టింది. ఎండ లేదు. రెండో రోజు రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ మొరాయించింది. తెల్లవారుజామున నాలుగున్నరకి కాపలా మనిషి ఫోన్ చేశాడు, "చేపలు తేలాయండీ" అని. బాబాయ్ వెళ్ళేసరికి చెరువంతా నోళ్ళే. వేల నోళ్ళు నీటి మీద తెరుచుకుని మూసుకుంటున్నాయి. ఎండ వచ్చేసరికి నోళ్ళు ఆగిపోయాయి. పది నెలల మేత, అప్పు, కౌలు, అన్నీ ఒక్క రాత్రిలో పోయాయి. ఆయన ఆ రోజు గట్టు మీద కూర్చుని ఏమీ మాట్లాడలేదు. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఏదైనా విషం కలిపారేమో అనుకున్నాను.

విషం కాదు. చెరువు నీళ్ళు పచ్చగా ఉంటాయి కదా, ఆ పచ్చదనం అంటే కంటికి కనిపించనంత చిన్న నాచు. పగలు ఎండ ఉన్నప్పుడు అది ఆక్సిజన్ తయారుచేస్తుంది. బాగా ఎండ కాసిన మధ్యాహ్నం చెరువులో అవసరానికి మించి ఆక్సిజన్ ఉంటుంది. పొద్దుగూకితే తయారీ బంద్. కానీ ఊపిరి తీసుకోవడం బంద్ కాదు. చేపలు తీసుకుంటాయి, అడుగున బురదలో ఉన్న సూక్ష్మజీవులు మిగిలిపోయిన మేతని, పెంటని కుళ్ళబెడుతూ తీసుకుంటాయి. అన్నిటికంటే మించి, పగలు ఆక్సిజన్ ఇచ్చిన ఆ నాచే రాత్రి తీసుకుంటుంది. పొద్దున్న అప్పిచ్చి రాత్రి వసూలు చేసేవాడిలాగా అన్నమాట. రాత్రంతా ఖర్చే, రాబడి లేదు. కాబట్టి ఆక్సిజన్ అన్నిటికంటే తగ్గేది అర్ధరాత్రి కాదు, తెల్లవారే ముందు. మబ్బు పట్టిన రోజు పగలు కూడా రాబడి తక్కువ, అంటే రాత్రిలోకి తక్కువ నిల్వతో వెళ్తాం. రెండు రోజులు అలా అయితే మూడో తెల్లవారుజాము గండం. దానికి తోడు ఇందాక చెప్పిన గిన్నె బుడగలు గుర్తున్నాయా? నీళ్ళు ఎంత వేడిగా ఉంటే అంత తక్కువ ఆక్సిజన్ పడుతుంది. అదే వేడికి చేపకి ఆకలి, ఊపిరి అవసరం మాత్రం పెరుగుతాయి. వేసవి రాత్రులు అందుకే ప్రమాదం. ఉప్పునీళ్ళలో ఇంకా తక్కువ పడుతుంది, అదే రొయ్యల రైతుకి ఉన్న అదనపు తలనొప్పి.

రైతులు దీన్ని "డీఓ" అంటారు, కరిగిన ఆక్సిజన్ కొలత. లీటరుకి 5 మిల్లీగ్రాముల మీద ఉంటే నిశ్చింత. 3 కంటే కిందికి పోతే చేపలు తేలడం మొదలవుతుంది. చెరువుల్లో తెల్లగా నీళ్ళు చిమ్ముతూ చక్రాలు తిరుగుతుంటాయి చూశారా, అవే ఏరేటర్లు. నీళ్ళని ముక్కలు ముక్కలు చేసి గాలికి తగిలించడం, పైనీళ్ళని కిందికి కలపడం వాటి పని. రాత్రి బస్సులో కైకలూరు మీదుగా వెళ్తుంటే ఆ చక్రాల చప్పుడు వినపడుతుంది. ఆ చప్పుడు ఆగిపోతే రైతు నిద్రలోంచి లేచిపోతాడు. పసిపిల్ల ఏడుపుకి తల్లి లేస్తుంది కదా, ఇక్కడ నిశ్శబ్దానికి లేస్తారు.

ఒక చిన్న సందేహం వస్తుంది. చేపలు తేలి నోళ్ళు తెరిచేది గాలి పీల్చడానికా? బొచ్చె, శీలావతి అయితే కాదు. వాటికి గాలి పీల్చడం రాదు. గాలికి తగిలే పైపొర నీళ్ళలో మాత్రమే ఆ టైములో కాస్త ఆక్సిజన్ ఉంటుంది, వెంట్రుకవాసి మందం పొర. ఆ పొరని నాకినట్టుగా మొప్పల్లోకి లాక్కోవడానికి ప్రయత్నిస్తున్నాయి. కొల్లేరు వైపు రూప్‌చంద్ అని ఒక చేప పెంచుతారు. దానికి ఇలాంటి టైములో కింది పెదవి ఉబ్బి ముందుకి సాగుతుంది, ఆ పైపొరని గరిటెతో తీసినట్టు తీసుకోవడానికి. ఆక్సిజన్ పెరిగితే పెదవి మళ్ళీ మామూలైపోతుంది.

ఇప్పుడు ఇంకో వింత. బాబాయ్ చెరువులో ఆ రోజు అన్నీ చావలేదు. కొన్ని ఫంగస్ చేపలు కలిపి వేశాడు, అదేనండీ పంగాసియస్, మన రైతులు ఫంగస్ అనే పిలుస్తారు. అవి హాయిగా తిరుగుతున్నాయి. ఆ చేప కావాలంటే పైకి వచ్చి గాలి మింగి, కడుపులో ఉండే గాలితిత్తిని ఊపిరితిత్తిలాగా వాడుకోగలదు. మొప్పలు పనికి రాకపోతే రెండో దారి ఉంది దానికి.

ఇక మన కొరమీను. దానికి ఇది రెండో దారి కూడా కాదు, అసలు దారే ఇది. తలలో మొప్పలకి పైన ఒక గది ఉంటుంది. గది గోడలు ముడతలు పడి, వాటినిండా రక్తనాళాలు. కొరమీను పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి ఆ గదిలో దాచుకుని కిందికి పోతుంది. మొప్పలు చిన్నవైపోయాయి. ఆక్సిజన్ పని వాటికి పెద్దగా లేదు, రక్తంలోని కార్బన్ డయాక్సైడ్‌ని నీళ్ళలోకి వదలడానికి ఎక్కువ పనికొస్తాయి. అంటే ఊపిరి లోపలికి గాలి నుంచి, బయటికి నీళ్ళలోకి. ఒకే జంతువుకి రెండు దారులు. కాబట్టి వలలో చిక్కుకుని పైకి రాలేకపోతే కొరమీను మునిగి చస్తుంది. అదే టబ్బులో జానెడు మురికినీళ్ళలో వదిలేస్తే దానికి ఏ కష్టమూ లేదు, తల ఎత్తితే గాలే. ఒళ్ళు తడిగా ఉంటే చాలు.

ఇదంతా ఎందుకొచ్చింది? కొల్లేరుని చూడండి. లోతు తక్కువ, వేడి ఎక్కువ, గుర్రపుడెక్క కమ్మేసిన నీళ్ళు, అడుగున కుళ్ళే ఆకు. అలాంటి నీళ్ళలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. అక్కడ మొప్పల్ని నమ్ముకుంటే బతుకు లేదు. వేసవిలో మన కాలువలు కట్టేశాక చిన్న గుంటలు ఎండిపోతాయి కదా, కొరమీను తడి బురదలోకి దూరి వాన పడేదాకా కాచుకుంటుంది. పల్లెల్లో పిల్లలకి ఇంకోటి తెలుసు. నీటి మీద ఎర్రగా గుంపుగా చిన్న చిన్న పిల్లలు బుడుంగు బుడుంగుమంటూ కనిపిస్తే కింద తల్లో తండ్రో కాపలా ఉన్నట్టే. పిల్లలు కూడా గాలికే పైకొస్తుంటాయి. అదే వాటి బలహీనత కూడా. గాలి కోసం తప్పనిసరిగా పైకి రావాలి కాబట్టి కొంగకీ తెలుసు, గాలం వేసేవాడికీ తెలుసు, ఎక్కడ కనిపెట్టుకుని ఉండాలో. మార్పు చేప కూడా ఇలాంటిదే, దానికి ఆ గదిలో చిన్న చెట్టు కొమ్మల్లాంటి నిర్మాణం ఉంటుంది.

ఒక పక్కమాట. మృగశిర కార్తె రోజు హైదరాబాద్ నాంపల్లిలో ఆస్తమాకి చేప మందు ఇస్తారు కదా, బతికున్న చేపపిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. ఆ చేప కొరమీను పిల్లే. గాలి కోసం తంటాలు పడే మనిషికి, నీళ్ళలో ఉండి కూడా గాలే పీల్చే చేప! ఆ మందు ఆస్తమాని తగ్గిస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. వెళ్ళేవాళ్ళ నమ్మకం వాళ్ళది, నేను వెక్కిరించను. కానీ ఇన్‌హేలర్ వాడుతున్నవాళ్ళు దాన్ని మాత్రం ఆపకండి, దయచేసి.

సరే, చేపని పక్కన పెడదాం. ఇంతవరకు చూసిన మొప్ప అయినా, కొరమీను గది అయినా, మన ఊపిరితిత్తి అయినా సూత్రం ఒక్కటే. రక్తానికీ బయట గాలికీ మధ్య చాలా పల్చటి, తడిగా ఉండే, చాలా పెద్ద పొర కావాలి. మన ఊపిరితిత్తుల్లో గాలి గదులన్నిటినీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, అంటే 750 చదరపు అడుగులు. విజయవాడలో ఒక చిన్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ మీ ఛాతీలో మడతపెట్టి ఉందన్నమాట. ఆ తడి ఎండిపోకూడదు కాబట్టే దాన్ని ఒంటి లోపల దాచుకున్నాం.

వరిచేలో కప్ప దాచుకోలేదు. దాని చర్మమే సగం ఊపిరితిత్తి. అందుకే ఎప్పుడూ జిగటగా ఉంటుంది. ఒళ్ళు ఎండితే దానికి ఊపిరి కష్టం. లోపల ఊపిరితిత్తులు కూడా ఉన్నాయి కానీ మనలాగా ఛాతీ పెంచి పీల్చలేదు, గొంతు కింద చర్మం టపటప కొట్టుకుంటుంది చూడండి, అలా గాలిని మింగి లోపలికి తోస్తుంది. తోకకప్పగా ఉన్నప్పుడు మొప్పలే. వానపాముకి అవి కూడా లేవు, మొత్తం చర్మమే. వరిచేల నత్త మాత్రం ముందుజాగ్రత్త మనిషి. దాని గుల్లలో ఒక పక్క మొప్ప, ఇంకో పక్క ఊపిరితిత్తి, రెండూ ఉంటాయి. చేలో నీళ్ళుంటే ఒకటి, తీసేస్తే ఇంకొకటి.

రొయ్య తల తీసేటప్పుడు పక్కన తెల్లగా ఈకల్లాంటివి కనిపిస్తాయి, అవి మొప్పలు. రొయ్య రక్తంలో మనలాగా ఇనుము కాదు, రాగి ఉంటుంది. అందుకే ఎర్రగా ఉండదు, ఆక్సిజన్ పట్టుకున్నప్పుడు లేత నీలం.

బొద్దింక దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మనకి అది ఇంట్లో మనిషితో సమానం. బొద్దింక ముక్కుతో ఊపిరి తీసుకోదు. ఒంటికి రెండు పక్కలా 10 జతల రంధ్రాలు ఉంటాయి. అక్కడి నుంచి సన్నటి గొట్టాలు చీలుతూ చీలుతూ నేరుగా ప్రతి కండరం దాకా వెళ్తాయి. గాలిని మొయ్యడానికి రక్తంతో పనే లేదు. మన ఒంట్లో రక్తం అంటే లారీ అనుకుంటే, బొద్దింకకి లారీ లేదు, ఇంటింటికీ పైప్‌లైనే. తల తెగినా కొన్ని రోజులు బతకడానికి ఇదొక కారణం, ఊపిరికి తలతో సంబంధం లేదు. నీళ్ళలో వేస్తే రంధ్రాలు మూసుకుని అరగంట దాకా నెట్టుకొస్తుంది. ఒట్టి నీళ్ళు ఆ రంధ్రాల్లోకి దిగవు, పైన మైనంలాంటి పూత ఉంటుంది. అదే సబ్బునీళ్ళు చల్లి చూడండి. సబ్బు ఆ పూత మీద నీళ్ళని అంటుకునేలా చేస్తుంది, రంధ్రాలు మూసుకుపోతాయి. స్ప్రే డబ్బా కొనక్కర్లేదు.

ఇదే కిటుకు దోమల మీద ఊరంతా వాడతారు. విజయవాడ మధ్యలోంచి మూడు కాలువలు పోతాయి, బందరు, రైవస్, ఏలూరు కాలువలు. వాటితో పాటు నిలవ నీళ్ళ గుంటలు, డ్రెయిన్లు. ఆ నీళ్ళలో తలకిందులుగా వేలాడే చిన్న పురుగులు దోమ పిల్లలు. తోక దగ్గర ఒక గొట్టం, దాన్ని నీటి పైకి పెట్టి గాలి పీలుస్తాయి. మలేరియా మోసే అనాఫిలిస్ పిల్లకి గొట్టం ఉండదు, అందుకని అది నీటి పైపొరకి సమాంతరంగా పడుకుంటుంది. మీ ఇంటి డ్రమ్ములో చూస్తే వేలాడుతోందా పడుకుందా అన్నదాన్ని బట్టి ఏ దోమో చాలావరకు చెప్పొచ్చు. మున్సిపాలిటీ వాళ్ళు మురుగుగుంటల్లో ఆయిల్ బాల్స్ వేస్తారే, రంపపు పొట్టు మూటకట్టి నూనెలో ముంచినవి, అవి చేసే పని ఇదే. నూనె పల్చగా పరుచుకుంటే ఆ గొట్టానికి గాలి అందదు. ఇంకో పద్ధతి గంబూసియా చేపలు వదలడం. నోరు పైకి తిరిగి ఉండే చిన్న చేప అది. పైన ఉండే దోమ పిల్లని తింటుంది, ఆక్సిజన్ తక్కువైనప్పుడు ఇందాక చెప్పిన ఆ పైపొరనే వాడుకుంటుంది, కాబట్టి మురికినీళ్ళలో కూడా నెట్టుకొస్తుంది.

ఆదివారం చికెన్ తెచ్చినప్పుడు పక్కటెముకల లోపల గులాబీ రంగు స్పాంజి అతుక్కుని ఉంటుంది, వేలితో గీకి తీస్తాం. అది కోడి ఊపిరితిత్తి. అంత గట్టిగా ఎందుకు అతుక్కుని ఉందంటే అది మనదానిలాగా ఉబ్బదు, తగ్గదు. కోడి ఒంట్లో తొమ్మిది దాకా గాలి సంచులు ఉంటాయి. ఉబ్బేది అవి. పీల్చిన గాలి ముందు వెనక సంచుల్లోకి పోతుంది, వదిలేటప్పుడు ఊపిరితిత్తిలోకి, మళ్ళీ పీల్చినప్పుడు ముందు సంచుల్లోకి, రెండోసారి వదిలినప్పుడు బయటికి. ఒక గుక్క గాలి బయటపడ్డానికి రెండు శ్వాసలు. దీనివల్ల లాభం ఏంటంటే ఊపిరితిత్తిలో గాలి ఎప్పుడూ ఒకే దిక్కులో పోతుంది. మనది ఒకే తలుపున్న గది, ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ అక్కడే తోసుకుంటారు. కోడిది వెనక ఎక్కి ముందు దిగే సిటీబస్సు. ఆటపాక పక్షుల కేంద్రంలో పెలికాన్‌లు చూశారా, మనవాళ్ళు గూడబాతులు అంటారు. అంత భారీ పక్షి రెక్క కదపకుండా గంటలు తేలుతుంది. దాని ఎముకల్లోకీ, చర్మం కిందికీ కూడా ఈ గాలి సంచులు పాకి ఉంటాయి.

అయితే ఇదే ఏర్పాటు మే నెలలో కోడిని ఇబ్బంది పెడుతుంది. కోడికి చెమట పట్టదు. వేడి పోవాలంటే నోరు తెరిచి రొప్పి, తడిని ఆవిరి చెయ్యాలి. వడగాడ్పుల్లో షెడ్డుల్లో కోళ్ళు నోళ్ళు తెరుచుకుని ఉంటే ఆక్సిజన్ చాలక కాదు, చల్లబడటానికి. గాలిలో తడి కూడా ఎక్కువగా ఉంటే, మన డెల్టాలో ఉంటుంది కదా, ఆ ఆవిరి కూడా సరిగ్గా పోదు. అందుకని షెడ్డుల్లో నీళ్ళు చిమ్మడం ఒక్కటే చాలదు, ఫ్యాన్లు కూడా తిరగాలి.

చివరగా సముద్రం దగ్గరికి పోదాం. నాగాయలంక, కోడూరు, హంసలదీవి వైపు తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఎక్కువగా జనవరి నుంచి మార్చి మధ్య. ఆ నెలల్లోనే ఇసుకలో చచ్చిన తాబేళ్ళు కూడా కనిపిస్తుంటాయి. చాలామంది అనుకుంటారు, తాబేలు నీళ్ళలో జంతువు కదా, వలలో చిక్కితే ఏమవుతుంది, బయటికి తీసి వదిలేస్తే పోతుంది అని. తాబేలుకి మొప్పలు లేవు, ఊపిరితిత్తులే. ప్రశాంతంగా ఉంటే చాలాసేపు మునిగి ఉండగలదు. కానీ ట్రాలర్ వలలో పడి గింజుకుంటే దాచుకున్న ఆక్సిజన్ నిమిషాల్లో ఖర్చైపోతుంది. వల పైకి లాగేసరికి మునిగి చచ్చిపోయి ఉంటుంది. దీనికోసమే వలలో ఒక ఇనప చట్రం పెడతారు. రొయ్యలు చట్రం సందుల్లోంచి లోపలికి పోతాయి, తాబేలు దానికి తగిలి పైనున్న కంతలోంచి బయటపడుతుంది. కొంత పట్టు పోతుందని వేటగాళ్ళ బాధ, అది కూడా ఉత్తి మాట కాదు.

ఈసారి మార్కెట్‌కి వెళ్ళినప్పుడు ఆ కొరమీను టబ్బు దగ్గర ఒక ఐదు నిమిషాలు నిలబడండి. ఒక చేపని గుర్తుపెట్టుకుని, ఎన్నిసార్లు తల ఎత్తి గాలి మింగిందో లెక్కపెట్టండి. మింగేముందు నోట్లోంచి ఒక చిన్న బుడగ వదులుతుంది, అది పాత గాలి. వీడియో తీస్తే కింద కామెంట్‌లో చెప్పండి, ఎండాకాలం లెక్కా చలికాలం లెక్కా పక్కపక్కన పెట్టి చూద్దాం. అమ్మే ఆవిడని మాత్రం ముందు అడగండి, బేరం టైములో ఫోన్ అడ్డం పెడితే ఆవిడ ఊరుకోదు. వచ్చే వారం కలుద్దాం, ఉంటాను.